కింది వరుస గుడారం

జూన్ 3, మంగళవారం

వదిన ఒక మెట్టు దిగింది. సంతకం పెడతానని అనలేదు. "ఆ చోటు నా కళ్ళతో చూసొచ్చాక చెప్తాను" అంది. ఏడాదిలో ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి సగం ఒప్పుకోలు ఇదే. అమ్మతో చెబితే, "సగమైనా చాలురా. మిగతా సగం నువ్వు దగ్గరుండి పట్టుకురా" అంది, కూరగాయలు తెమ్మన్నట్టు.

ఫారం మళ్ళీ చదివాను. "గుహ యాత్రలో వరదకు గల్లంతై, ఏడాది గడిచినా జాడ తెలియని వ్యక్తిని మరణించినట్లు ప్రకటించుట గురించి." భార్య సంతకం ఒకచోట, సాక్షి సంతకం ఒకచోట. సాక్షిని నేనే. అన్నయ్య పనిచేసిన బడివాళ్ళు ఆయన పేరు మీద వదినకు బడి ఆఫీసులో ఒక ఉద్యోగం ఆపి ఉంచారు. ఈ జూలై దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తారు. అది దొరికితే యూనిఫారాల షెడ్డులో కాజాలు కుట్టే పని మానేయొచ్చు. ఇదంతా ఆమెకు వంద సార్లు చెప్పాను. వంద సార్లూ ఆమె ఒకటే అంది: "మీ అన్నయ్య పోయారని నేను రాసివ్వాలా?"

ఈ రోజు ఏడంతస్తుల భవనంలో లిఫ్ట్ నాలుగో అంతస్తుకు జానెడు కింద ఆగుతోంది. సరిచేశాను.

జూన్ 5, గురువారం

సెలవు అడిగాను. సూపర్‌వైజర్ తల ఎత్తకుండానే సంతకం పెట్టాడు. "పోయినసారి కూడా గుహకే కదా పెట్టావు?" అన్నాడు.

ఆఁ అన్నాను.

జూన్ 9, సోమవారం

యాత్రకు వెళ్ళాలంటే డాక్టరు చీటీ ఉండాలి. వదినా నేనూ వెళ్ళాం. డాక్టరు నా ఛాతీ మీద గొట్టం పెట్టి, ఆకలి ఉందా, నిద్ర పడుతోందా అని అడిగాడు. రెండూ ఉన్నాయన్నాను. అబద్ధం కాదు. ఏడాదిగా కంచం ఖాళీ చేస్తూనే ఉన్నాను. మంచం మీద వాలగానే నిద్రపోతున్నాను. ముద్ర వేసి ఇచ్చాడు.

బస్టాపులో వదిన అడిగింది. "నీకు ఏడుపు రాదా చిన్నా?"

"రాలేదు."

"ఒక్కసారి కూడా?"

"అప్పుడు పనులున్నాయి కదా వదినా. ఆఫీసులు, ఫోటోలు, లిస్టులు."

"నాకు దానికో టైముంది. సాయంత్రం షెడ్డులో మిషన్లన్నీ ఒక్కసారి ఆపేస్తారు చూడు, అప్పుడు వస్తుంది. అయిదు నిమిషాలు. తర్వాత బస్సు వస్తుంది."

ఆమె ఇది లోకాభిరామాయణంలా చెప్పింది. నేనూ అలాగే విన్నాను.

జూన్ 14

బూట్లు కొన్నాను. కరుస్తున్నాయి.

జూన్ 18, బుధవారం

అమ్మ బట్టలు సర్దుతూ, "పోయినేడు వాడు నిన్ను ఎంత బతిమాలాడురా. ఇద్దరం వెళ్దాం, ఇద్దరం వెళ్దాం అని నెలరోజులు నీ చుట్టూ తిరిగాడు" అంది.

"సెలవు దొరకలేదు కదమ్మా."

"నిన్ను అనడం లేదురా. ఆ మాయదారి ఆఫీసుని అంటున్నాను."

పోయినేడు ఆ వారం ఆసుపత్రి లిఫ్ట్‌కు తాళ్ళు మార్చే పని పడింది. మనుషులు తక్కువ. సెలవు ఇచ్చే పరిస్థితి కాదు.

జూన్ 19

ఆసుపత్రి లిఫ్ట్ తాళ్ళు మార్చింది పోయినేడు చలికాలంలో. నిన్న తప్పు రాశాను. వేసవిలో వేరే ఏదో పని పడింది.

జూన్ 27, శుక్రవారం

రైలు, బస్సు, మళ్ళీ బస్సు. కొండల కిందికి చేరాం. రేకుల షెడ్డులో పేర్లు చూసి మెడలో వేసుకోవడానికి బిళ్ళలు ఇచ్చారు. గోడ మీద పోయినేడు గల్లంతైనవాళ్ళ ఫోటోలు ఇంకా ఉన్నాయి. అన్నయ్యది రెండో వరుసలో ఉంది. బడి గుర్తింపు కార్డులోంచి తీసిన ఫోటో. చొక్కా జేబులో రెండు పెన్సిళ్ళు కనబడుతున్నాయి. డ్రాయింగ్ మాస్టారన్న సంగతి చూడగానే తెలిసిపోతుంది.

వదిన ఆ ఫోటో ముందు నిలబడి, దాని మూల ఊడిపోతుంటే వేలితో నొక్కి పెట్టింది. అది మళ్ళీ లేచింది. మళ్ళీ నొక్కింది. "పదండమ్మా, వెనక లైనుంది" అన్నారు ఎవరో.

జూన్ 28, శనివారం

మొదటి రోజు నడక. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి మూడింటికి మొదటి మజిలీ చేరాం.

దేవదారు చెట్లు. వాటి పైన రాయి. రాయి పైన మంచు. లోయలో నది పాలనురగలా ఉంది. ఒక మలుపు తిరగ్గానే కొండ మొత్తం పసుపు పూలు. అందరూ ఆగి స్వామికి జై కొట్టారు. నేనూ కొట్టాను. అందంగా ఉంది. అందంగా ఉందని రాస్తున్నానే గాని, లోపల ఏమీ కదలడం లేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లి చూసుకుంటాం, అలాగ.

దారిలో ఒక పెద్దావిడ కలిసింది. ముప్పయ్యేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైందట. దారి ఇరుకైన చోటల్లా వెనకనుంచి అరుస్తుంది, "ముందుకు జరగండి, ముందుకు జరగండి, లోపల బోలెడు ఖాళీ ఉంది!" ఒకవైపు కొండ, ఒకవైపు లోయ, లోపలేమిటి, ఖాళీ ఏమిటి. వదిన నవ్వింది. ఆమె నవ్వగా ఏడాదిలో చూడలేదు. కండక్టరమ్మ అని మేమే పేరు పెట్టుకున్నాం.

జూన్ 29, ఆదివారం

రెండో మజిలీ. ఎక్కుడు ఎక్కువ. ఊపిరి అందలేదు. వదిన సంచిలో కొంత బరువు నా సంచిలోకి మార్చుకున్నాను.

ఒక బండ మీద కూర్చుని ఆమె కొండల్ని చూస్తూ, "మీ అన్నయ్య ఉంటే ఇప్పుడు నన్ను కదలనివ్వరు. ఆ నీడ చూడు, ఈ అంచు చూడు అని ప్రాణం తీస్తారు" అంది.

"అవును, తీస్తాడు" అన్నాను.

ఇద్దరం ఆయన్ని ఉన్నట్టే మాట్లాడుకుంటాం. ఎవరం ఎవర్నీ సరిదిద్దం.

జూన్ 30, సోమవారం

మూడో మజిలీ.

అన్నయ్య గల్లంతైంది ఇక్కడే. ముందు వాగు కనబడింది. ఇదా అనుకున్నాను. మోకాలు తడవదు. పిల్లలు దాటేలా ఉంది. వదిన కర్ర పక్కన పెట్టి గట్టు మీద నిలబడింది. నేను ఆమె వెనక నిలబడ్డాను. "నీళ్ళు చల్లగా ఉంటాయి, జాగ్రత్త" అన్నాను.

గుడారాలు చూసుకునే పెద్దాయన వచ్చి, "ఇద్దరూ ఒక ఇంటివాళ్ళేనా? అయితే పై వరుస" అన్నాడు.

వదిన అడిగింది, "కింది వరుస లేదా?"

"ఇప్పుడు కింద వెయ్యనివ్వడం లేదమ్మా. పోయినేడు అయిందిగా."

"పోయినేడు ఎవరిని ఎక్కడ వేశారో మీకు గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? మా పద్ధతి ఎప్పుడూ ఒకటే. ఇద్దరు ముగ్గురు కలిసొస్తే పైన పెద్ద గుడారాలు. ఒంటిగా వచ్చినవాళ్ళకి కింద చిన్నవి. పై వరుసలో ఒక్కరికి కూడా ఏం కాలేదు. వాన చూస్తూ టీ తాగారు వాళ్ళు."

వదిన ఫోన్ తీసి అన్నయ్య ఫోటో చూపించింది. ఆయన ఫోన్‌ను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"బొమ్మల మాస్టారు. నా బొమ్మ కూడా గీశాడు, అక్కడే కూచోబెట్టి. పైన ఇవ్వండి అని అడిగాడమ్మా. మా తమ్ముడు కూడా రావాల్సింది, ఆఖర్న ఆగిపోయాడు, కాగితంలో చూడండి ఇద్దరి పేర్లూ ఉన్నాయి అన్నాడు. ఇప్పుడున్నది ఒక్కరేగా మాస్టారూ అని నేనే కిందికి పంపించాను." చేతిలో ఉన్న తాడు కొస విప్పుతూ, ముడివేస్తూ మళ్ళీ అన్నాడు. "నేనే పంపించాను."

వదిన ఆయన చేతి మీద చెయ్యి వేసింది. "మీకేం తెలుసు బాబాయ్. మీ పని మీరు చేశారు" అంది.

ఆయన మాకు పై వరుసలో రెండో గుడారం ఇచ్చాడు. మధ్యలో గుడ్డ కట్టి అటు వదినకూ కండక్టరమ్మకూ, ఇటు నాకూ. దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. పొడిగా ఉన్నాయి. వాగు చప్పుడు ఇక్కడికి వినబడదు.

జూన్ 30, సాయంత్రం

పై వరుస నుంచి కింది వరుసకు ముప్పయి నాలుగు అడుగులు. దిగి చూశాను.

జూలై 1, మంగళవారం

ఉన్నదున్నట్టు రాస్తాను. ఎవరూ చదవరు.

పొద్దున బయల్దేరిన గంటకు వదిన అంది. "పాపం ఆ పెద్దాయన ఏడాదిగా మోస్తున్నాడు. మీ ఆఫీసువాళ్ళు ఆ ఆరు రోజులు సెలవు ఇచ్చి ఉంటే..."

"ఇచ్చారు" అన్నాను.

"ఏంటి?"

"సెలవు ఇచ్చారు వదినా. నేనే వెళ్ళలేదు."

ఆమె ఆగింది. వెనకవాళ్ళు మమ్మల్ని తప్పించుకుని వెళ్తున్నారు.

"ఎందుకు?"

"ఊరికే."

నిజంగా ఆ మాటే వచ్చింది. దాన్ని మించిన కారణం ఉందా అని ఇప్పుడు కూర్చుని వెతుకుతున్నాను. అంతకు ముందు ఆదివారం అన్నయ్య అమ్మ ముందు అన్నాడు, "ఆరు రోజులు నా చేతిలో ఉంటాడు కదా, వీణ్ణి ఒక దారిలో పెట్టి తీసుకొస్తాను" అని. నా ఉద్యోగం గురించి, పెళ్ళి గురించి, పొద్దున లేచే టైము గురించి ఆయన దగ్గర ఆరు రోజులకు సరిపడా సరుకు ఉంది. వినే ఓపిక లేకపోయింది. ఎవరూ ఏమీ చెప్పని ఆరు రోజులు కావాలనిపించింది. బయల్దేరే ముందురోజు ఫోన్ చేసి సెలవు రద్దయిందన్నాను. అన్నయ్య మా సూపర్‌వైజర్‌ను ఒక మాట తిట్టి, "పోనీలేరా, వచ్చే ఏడు" అన్నాడు.

అంతే. దెబ్బలాట లేదు, ద్వేషం లేదు. బద్ధకం.

ఇందులో సగం వదినకు చెప్పాను. సగం చెప్పేసరికి ఆమె చెయ్యి ఎత్తింది, చాలన్నట్టు. నా సంచి తెరిచి అందులో ఉన్న తన స్వెట్టరు, నీళ్ళ సీసా, మందుల డబ్బా తీసుకుంది. తన సంచిలో ఉన్న నా తువ్వాలు నాకు ఇచ్చింది. బరువు అంతా తనే ఎత్తుకుని ముందుకు నడిచింది. మలుపు దగ్గర కండక్టరమ్మను కలుసుకుంది. తర్వాత రోజంతా ఆమె వీపే చూశాను.

జూలై 2, బుధవారం

గుహ.

నోరు చిన్నది. వంగి, తర్వాత పాక్కుంటూ వెళ్ళాలి. లోపల నిలబడే ఎత్తు ఉంది. పై రాతి పగులు నుంచి నీటి చుక్క జారి కింద లింగం మీద పడుతోంది. చుక్క పడ్డచోట రాయి నున్నగా మెరుస్తోంది. పూజారి, "ఏం కోరుకుంటారో త్వరగా కోరుకోండి, వెనక జనం ఉన్నారు" అన్నాడు.

ఏమీ తోచలేదు. అన్నయ్య తిరిగి రావాలని కోరుకోవడానికి నోరు రాలేదు. నన్ను క్షమించమనడానికి ఎవర్ని అడగాలో తెలియలేదు. వదిన నాకన్నా ముగ్గురి ముందు ఉంది. ఆమె కళ్ళు మూసుకోలేదు. చెయ్యి చాపి ఒక చుక్క అరచేతిలో పట్టుకుని, తలమీద రాసుకుని వెళ్ళిపోయింది. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. మోకాళ్ళు నొప్పి.

బయట ఎండ. జనం ఒకర్నొకరు కౌగిలించుకుంటున్నారు. తెలియనివాడెవడో నన్ను కూడా కౌగిలించుకుని, "జన్మ ధన్యమైంది గురూ" అన్నాడు. అతని భుజం మీదుగా వదిన కోసం చూశాను.

కండక్టరమ్మ నా పక్కన కూర్చుని బూటు విప్పి రాయి దులుపుకుంటూ, "మీ ఇద్దరికీ ఏమైందో నాకు తెలీదు, అడగను కూడా. కానీ ఆవిడ సంచి చాలా బరువుగా ఉంది నాయనా. అడిగి చూడు" అంది.

అడిగాను. ఇవ్వలేదు.

జూలై 3, గురువారం

దిగుడు. మళ్ళీ మూడో మజిలీ. మధ్యాహ్నం.

వదిన వాగు గట్టున కూర్చుని ఉంది. కండక్టరమ్మతో నన్ను పిలిపించింది. వెళ్ళాను. కూర్చోమనలేదు. కొంచెం దూరంలో కూర్చున్నాను.

"ఆ ఆరు రోజులూ ఏం చేశావు?"

"ఏం లేదు."

"ఏం లేదంటే ఏంటి? ఒక్కో రోజూ చెప్పు."

చెప్పాను. మొదటి రోజు పొద్దున్నే స్నేహితుడి ఖాళీ గదికి వెళ్ళి పది దాకా పడుకున్నాను. రెండో రోజు బట్టలు ఉతికాను, ఫ్యాను రెక్కలు తుడిచాను. ఆఫీసుకు వెళ్ళానని అమ్మ అనుకోవాలి కాబట్టి పగలంతా ఆ గదిలోనే ఉన్నాను. రెండు పాత సినిమాలు చూశాను.

"మూడో రోజు మధ్యాహ్నం?"

"నిద్రపోయాను. లేచి టీ పెట్టుకుంటే పాలు విరిగిపోయాయి. కిందికి వెళ్ళి పాల ప్యాకెట్ తెచ్చుకున్నాను."

"ఎన్నింటికి?"

"మూడున్నర... నాలుగు అవుతుందేమో."

ఆమె తల ఊపింది. వాన నాలుగింటికి పడింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

తర్వాత అంది, "రెండో రోజు రెండో మజిలీ నుంచి నాకు ఫోన్ చేశారు. ఏం అన్నారో ఎవరికీ చెప్పలేదు నేను. 'చిన్నాడు రాకపోవడం ఒకందుకు మంచిదే అయిందే. వాడి గురక లేకుండా హాయిగా పడుకుంటున్నాను' అన్నారు."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. నా గురక గురించి అన్నయ్య చిన్నప్పటి నుంచి ఊరందరికీ చెప్పేవాడు. పిండిమర పక్కన మంచం వేసినట్టు ఉంటుందనేవాడు.

వదిన నవ్వలేదు. నేను ఆగేదాకా చూసింది.

"నిన్ను ఓదార్చడానికి చెప్పలేదు చిన్నా. ఆయన మాట నా ఒక్కదాని దగ్గరే ఉంటే, నాతోనే పోతుంది. అందుకని చెప్పాను. నీ మీద కోపం తగ్గలేదు. ఎప్పుడు తగ్గుతుందో కూడా నాకు తెలీదు. దానికోసం నా చుట్టూ తిరగకు."

సరే అన్నాను.

"నువ్వే చంపినట్టు నాటకాలు ఆడకు. నువ్వు చంపలేదు. నాకు అబద్ధం చెప్పావు. ఏడాది, నా ఎదురుగా కూర్చుని, నా చేతి కాఫీ తాగుతూ. అదీ నా కోపం."

లేచి వెళ్ళిపోయింది. కాసేపు వాగులో చెయ్యి పెట్టి ఉంచాను. మణికట్టు దాకా స్పర్శ పోయింది.

జూలై 5

బస్సు. కండక్టరమ్మ తన ఊళ్ళో దిగిపోతూ వదినకు ఫోన్ నంబరు ఇచ్చింది. నాకు ఇవ్వలేదు.

జూలై 6, ఆదివారం

ఇల్లు. అమ్మకు చెప్పాను. వదిన చెప్పమనలేదు, చెప్పొద్దనలేదు. అమ్మ వింటూ వింటూ లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు తోముతున్న చప్పుడు. కడిగిన గిన్నెలే మళ్ళీ తోముతోంది. తర్వాత గుమ్మంలోంచే అడిగింది.

"అయితే నువ్వు కూడా వెళ్ళి ఉంటే, ఇద్దరూ పై వరుసలో ఉండేవాళ్ళా?"

"ఉండేవాళ్ళం."

అమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళింది. భోజనానికి పిలవలేదు. కంచం పెట్టి మూత వేసి ఉంచింది.

జూలై 8, మంగళవారం

పనికి వెళ్ళాను. సూపర్‌వైజర్ దర్శనం బాగా అయిందా అన్నాడు. అయిందన్నాను. పన్నెండంతస్తుల భవనంలో లిఫ్ట్ బ్రేకు గీసుకుంటోంది. మోటారు గదిలో మూడు గంటలు కూర్చున్నాను.

జూలై 10, గురువారం

సాయంత్రం వదిన ఫోన్ చేసింది. "రేపు పదకొండింటికి ఆ ఆఫీసుకు రా. సాక్షివి నువ్వే కదా." పెట్టేసింది.

జూలై 11, శుక్రవారం

నేను వెళ్ళేసరికి వదిన బెంచీ మీద ఉంది. షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర మీద దారం ముక్కలు. పక్కన కూర్చున్నాను. ఆమె దూరం జరగలేదు, దగ్గరకూ రాలేదు.

గుమాస్తా కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఫారం తిప్పాడు. మంచి మనిషే. రోజుకు ఇలాంటివి ఎన్ని చూస్తాడో. వదిన చేత మొదటి పేజీలో సంతకం పెట్టించాడు. ఆమె పెన్ను పట్టుకుని కాసేపు ఉండిపోయింది. అతను తొందర పెట్టలేదు. పెట్టింది. పెట్టాక పెన్ను మూత వెతికి, మూత పెట్టి, జాగ్రత్తగా బల్లమీద పెట్టింది.

తర్వాత నా వంతు. గుమాస్తా గడులు చదువుతూ, నేను చెప్పింది రాసుకుంటూ పోతున్నాడు. చనిపోయిన వ్యక్తి ఉద్యోగం. డ్రాయింగ్ మాస్టారు. తల్లి. ఉన్నారు. తండ్రి. లేరు. పిల్లలు. లేరు.

"తోబుట్టువులు?"

"ఒక తమ్ముడు."

"ఉన్నాడా, పోయాడా?"

తల ఎత్తకుండా అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. గడిలో రెండు మాటలు అచ్చేసి ఉన్నాయి, ఒకటి కొట్టెయ్యాలి.

"ఉన్నాను" అన్నాను.

అతను తల ఎత్తాడు. నేను మళ్ళీ చెప్దామని నోరు తెరిచాను. మాట రాలేదు. వేరే ఏదో వచ్చింది. అది నా గొంతే అని తెలియడానికి కాసేపు పట్టింది. లైనులో ఉన్నవాళ్ళు వెనక్కి జరిగారు. ఎవరో కుర్చీ తోశారు. బల్ల అంచు పట్టుకున్నాను, పట్టు దొరకలేదు. ముప్పయ్యెనిమిదేళ్ళ మనిషిని, ఆ ఆఫీసులో అందరి ముందు, చిన్నపిల్లాడిలా.

గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. "బయట కూర్చోబెట్టండమ్మా. కాసేపయ్యాక చూద్దాం" అన్నాడు.

వదిన నన్ను బయటికి తీసుకెళ్ళలేదు. నా వీపు మీద చెయ్యి వెయ్యలేదు. కుర్చీ ముందుకు లాక్కుని, ఫారాన్ని తన వైపు తిప్పుకుంది.

"ఏడవనివ్వండి" అంది గుమాస్తాతో. "తర్వాతి గడి చదవండి. అతనికి మాటొచ్చేదాకా నేను చెప్తాను."